పన్ను పెరిగిన ఏళ్ళు

దగ్గరికి జరగండి. ఆ కొబ్బరి మట్ట అప్పుడే పెట్టకురా చిన్నోడా, పొగ లేస్తుంది. ముందు సరుగుడు పుల్లలు వెయ్యి, అవి బాగా అంటుకున్నాక మట్ట పెడదువుగాని. ధనుర్మాసం చలికి మన సముద్రపు గాలి తోడైతే ఎముకల్లోకి దూరుతుంది. ఎనభై నిండిన ఒళ్ళు నాది, నాకు తెలుస్తుంది.

ఏంటమ్మడూ, ఆ ఫోన్లో అంత దీక్షగా రాస్తున్నావు? ఇంటి పన్ను కాగితం వచ్చినప్పటినుంచీ మీ నాన్నా నువ్వూ ఏది మానేద్దాం, ఏది తగ్గిద్దాం అని లెక్కలు కడుతున్నారు, విన్నాను. 2021 నుంచి మన రాష్ట్రంలో పట్టణాల్లో ఇంటి పన్ను లెక్క మార్చారు. అంతకుముందు అద్దె ఎంత వస్తుందని చూసి వేసేవాళ్ళు. ఇప్పుడు స్థలం విలువ, కట్టడం విలువ చూసి వేస్తున్నారు. విలువ పెరిగితే పన్నూ పెరుగుతుంది. ఇంటి విలువ పెరిగిందని మన చేతికి డబ్బేమీ రాదు కదా, ఇల్లు అమ్ముకుంటే తప్ప. అందుకే ఈ లెక్కలు. రాయి, తప్పులేదు. పూర్తయ్యాక నాకు ఒకసారి చదివి వినిపించు.

మొన్న చిన్నోడు అడిగాడు, తాతా, బియ్యం బస్తా మీద 26 కిలోలని ఉందేంటి, 25 ఉండాలి కదా అని. 2022 జులై నుంచి లేబులు వేసి కట్టిన బియ్యం మూట 25 కిలోల దాకా అయితే 5 శాతం జీఎస్టీ. అది దాటితే లేదు. అందుకని వ్యాపారులు ఇంకో కిలో పోసి మూతి కుట్టేశారు. పన్నుకి ఎప్పుడూ ఎక్కడో ఒకచోట గీత ఉంటుంది. గీతకి ఇవతల ఉంటే కట్టాలి, అవతల ఉంటే కట్టక్కర్లేదు. బియ్యం బస్తా గీత దాటడం మీరు ఇప్పుడు చూశారు. మన ఊరు ఊరంతా ఒకసారి అలాగే గీత దాటి అవతలికి పోయింది. ఆ పోయినవాళ్ళలో మా నాయనమ్మ ఉంది. ఆమెకు అప్పుడు ఇరవై ఏళ్ళు, చంకలో మా నాన్న. ఇప్పుడు నేను చెప్పబోయేది ఆమె నోట విన్నదే. ఇలాంటి మంట దగ్గరే, ఇదే పెరట్లో, అప్పుడు ఇక్కడ ప్రహరీ లేదు, తాటాకు దడి ఉండేది.

మన చీరాల, పేరాల పక్కపక్క ఊళ్ళు. అప్పట్లో గుంటూరు జిల్లాలో ఉండేవి. తర్వాత 1970లో ఇప్పటి ప్రకాశం జిల్లాలో కలిశాయి, 2022లో బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. రెండూళ్ళకీ కలిపి అటూఇటూగా పదిహేను వేల జనం. ఎక్కువమంది మనలాగా మగ్గం మీద బతికేవాళ్ళు. చీరాల రుమాళ్ళకి సముద్రం దాటి గిరాకీ ఉండేది. నూలుని నూనెలో, బూడిద నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెట్టి, అప్పుడు రంగు అద్దేవాళ్ళు. తేలియా రుమాలు అనేది దాన్నే. ఆ నూనె వాసన మా ఇంటి గోడలకి నా చిన్నప్పటిదాకా ఉండేది.

రెండూళ్ళూ ఒక యూనియన్ కింద, అంటే పంచాయతీ లాంటిదాని కింద, ఉన్నంతకాలం ఊరు మొత్తం మీద పన్ను ఏడాదికి నాలుగు వేల రూపాయలు. 1919లో మద్రాసు ప్రభుత్వం దీన్ని మునిసిపాలిటీ చేస్తామంది, 1920లో చేసేసింది. నాలుగు వేలు కాస్తా నలభై వేలయ్యాయి. ఒక్క ఏడాదిలో పదింతలు! ఊరు బాగుచేస్తామని ప్రభుత్వం వాళ్ళు అన్నారు. మాకు యూనియన్ చాలు, ఇంత బరువు మోయలేం అని జనం అర్జీలు పెట్టుకున్నారు. స్థానిక పాలన మంత్రి పానగల్ రాజా. అర్జీలు పోయాయి, వచ్చాయి, మునిసిపాలిటీ మాత్రం పోలేదు.

పన్ను కట్టాలా మానాలా అని మగవాళ్ళు గుళ్ళో కూర్చుని తేల్చుకునేలోపే ఇళ్ళల్లో ఆడవాళ్ళు కోత మొదలుపెట్టేశారు. నాయనమ్మ వేళ్ళు మడిచి చెప్పేది. కూరలో తాలింపు పోయింది. పప్పు వారానికి ఒకరోజైంది, మిగతా రోజులు పచ్చిపులుసు. ఆముదం దీపం వత్తి సగానికి తగ్గింది, చీకటి పడకముందే అన్నాలు అయిపోయేవి. తలకి నూనె శుక్రవారం మాత్రమే. తమలపాకులు, పోకచెక్క మానేశారు. మా తాత చుట్ట మాత్రం మానలేదు. ఆ మాట చెప్పేటప్పుడు నాయనమ్మ కోపంగా ఏమీ ఉండేది కాదు, వరసలో అదొకటిగా చెప్పి ముందుకు వెళ్ళిపోయేది. అప్పుడు నేనూ పట్టించుకోలేదు.

చివరికి ఊరు పన్ను కట్టం అంది. కట్టం అన్నవాళ్ళని జైలుకి పంపారు, వాళ్ళలో ఒక ఆడమనిషి కూడా ఉంది. పన్ను కట్టనని ఒక ఆడది జైలుకి వెళ్ళిందంటే ఆ రోజుల్లో ఎంత మాటో ఆలోచించండి. ఊళ్ళో ఆడవాళ్ళు ఆమె గురించి గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళట, దేవత గురించి మాట్లాడుకున్నట్టు.

ఊరికి అప్పుడు దొరికిన నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు. పెనుగంచిప్రోలులో పుట్టారు. ఎడిన్‌బరోలో ఎం.ఏ. చదివారు. నందికేశ్వరుడి అభినయ దర్పణాన్ని ఆనంద కుమారస్వామితో కలిసి ఇంగ్లీషులోకి తెచ్చిన పండితుడు. అంత చదువుకున్నాయన రాజమండ్రిలో, బందరులో పాఠాలు చెప్పి, చీరాల వచ్చి మన సాలె వీధుల్లో కూర్చున్నారు. రామదండు అని కుర్రాళ్ళని కూడగట్టారు. నాయనమ్మకి ఆయన చదువు సంగతి తెలీదు. గొంతు ఎత్తి పాడితే వీధి చివర నూలు చుట్టేవాళ్ళ చేతులు ఆగిపోయేవని మాత్రం చెప్పేది. ఆంధ్రరత్న అని పిలిచింది ఊరికే కాదు.

1921 మార్చి ఆఖర్లో బెజవాడలో కాంగ్రెస్ పెద్దల సమావేశం జరిగింది. అది ముగిశాక ఏప్రిల్లో గాంధీగారు చీరాల వచ్చారు. రెండు దారులు చెప్పారు. పన్ను కట్టకుండా, చెయ్యెత్తకుండా వచ్చిన కష్టమంతా పడటం ఒకటి. మునిసిపాలిటీ హద్దు దాటి బయటికి వెళ్ళిపోవడం రెండోది. హద్దులో ఇల్లుంటేనే కదా పన్ను! ఊరు రెండోదాన్ని ఎంచుకుంది. పదిహేను వేలలో పదమూడు వేలమంది దాకా ఇళ్ళకి తాళాలు వేసి హద్దు అవతల ఇసకలో గుడిసెలు వేసుకున్నారు. ఆ చోటుకి రామ్‌నగర్ అని పేరు పెట్టారు. నడివేసవి. ఆ ఇసకలో కాలు పెడితే కాల్తుంది.

ఏమేం తీసుకెళ్ళారు నాయనమ్మా అని నేను అడిగేవాణ్ణి. ఏమేం వదిలేశామో అడగరా అనేది.

మనది గుంట మగ్గం. నేలలో నడుముదాకా గుంట తవ్వి, అందులో కాళ్ళు దించి కూర్చుని తొక్కాలి. చట్రం విప్పి మోసుకుపోవచ్చు, అచ్చు, నాడె మోసుకుపోవచ్చు. గుంటని ఎలా మోస్తావు? ఇసకలో గుంట తవ్వితే అంచులు జారి సాయంత్రానికి పూడిపోయేది. మా తాత మూడుసార్లు తవ్వాడట. మూడోసారి తాటి మొద్దులు చీల్చి లోపల నాలుగు పక్కలా ఆనించి, వెనక చాప కుక్కాడు. అప్పటికీ పాదాల దగ్గర ఇసక రాలుతూనే ఉండేది. పడుగులో ఇసక రేణువు పడితే దారం తెగుతుంది. రోజుకి నేసేది సగం పడిపోయింది. పన్ను తప్పింది గానీ, సంపాదన పన్ను కంటే ఎక్కువ తగ్గింది. ఇది నాయనమ్మ దాచకుండా చెప్పేది, నేనూ మీకు దాచకుండా చెబుతున్నాను. అక్కడున్న పదకొండు నెలల్లో మన ఊళ్ళో ఎవరూ లాభపడలేదు.

మోసుకుపోలేని ఇంకో వస్తువు రోలు. నేలలో పాతిన రాతి రోళ్ళు ఊళ్ళోనే ఉండిపోయాయి. నాయనమ్మ వాళ్ళ వరసలో పది గుడిసెలకి ఒకే ఒక్క రోలు, ఎవరో బండి మీద వేసి తెచ్చింది. పొద్దున్నే ఆ పది ఇళ్ళ ఆడవాళ్ళూ దాని దగ్గరికి రావలసిందే. జొన్నలు దంచాలన్నా, ఎండుమిరపకాయలు దంచాలన్నా అక్కడే. ఎవరి చేటలో ఎన్ని గింజలున్నాయో అందరికీ కనపడేది. ఎవరు రెండు రోజులుగా రోలు దగ్గరికి రాలేదో కూడా తెలిసిపోయేది. రాలేదంటే దంచడానికి ఏమీ లేదని. అప్పుడు ఎవరూ వెళ్ళి మీ ఇంట్లో తిన్నారా అని అడిగేవాళ్ళు కాదు. దంచినదాంట్లోంచి ఒక గిద్దెడు పక్కన పెట్టి, పిల్ల చేత పంపించేవాళ్ళు. తాటాకు గోడల మధ్య ఏది దాగుతుంది? పొయ్యి వెలగకపోతే పక్క గుడిసెకి పొగ రాలేదని తెలుస్తుంది. పిల్లవాడు ఆకలికి ఏడిస్తే పదిళ్ళ తల్లులూ లేస్తారు.

అక్కడ మా తాత చుట్ట మానేశాడు. ఎవరూ మానమని చెప్పలేదట. గుడిసె ముందు కూర్చుని చుట్ట కాలుస్తుంటే, అవతల రోలు దగ్గర ఆడవాళ్ళ ఉత్త చేటలు కనపడుతుంటే, కాల్చలేకపోయాడు.

వానలు మొదలయ్యాక కష్టం రెండింతలైంది. మన వైపు పెద్ద వానలు ఆశ్వయుజ కార్తీకాల్లో కదా. గుంట నిండా నీళ్ళు నిలిచేవి, మగ్గం చట్రం ఎత్తి కట్టేసేవాళ్ళు. అదే కాలంలో గోపాలకృష్ణయ్యగారు బరంపురం వెళ్తే, అక్కడ ఉపన్యాసం ఇవ్వకూడదన్న ఆజ్ఞని కాదన్నారని పట్టుకుని ఏడాది శిక్ష వేశారు. తిరుచిరాపల్లి జైల్లో పెట్టారు. తల లేని మొండెంలాగా అయ్యాం అనేది నాయనమ్మ. అయినా ఇంకొన్ని నెలలు నిలబడ్డారు. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా హింస తర్వాత గాంధీగారు సహాయ నిరాకరణ ఉద్యమమంతా ఆపేశారు. మనవాళ్ళు ఒక్కొక్కరే తాళాలు తీసుకుని ఇళ్ళకి వచ్చారు. గోపాలకృష్ణయ్యగారు 1928లో చనిపోయారు, నలభై ఏళ్ళు కూడా నిండకుండానే.

ఓడిపోయారన్నమాట అన్నాను నేను ఒకసారి, పెద్ద తరగతుల్లో ఉండగా. నాయనమ్మ నా వైపు చాలాసేపు చూసింది. ‘ఇంటికొచ్చాక ఆకలి తెలిసింది నాయనా’ అంది. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. ఓడారా గెలిచారా అని నేను అడిగితే ఆమె ఆకలి గురించి చెబుతుందేంటి అనుకున్నాను. అర్థం కావడానికి నాకు 1963 దాకా పట్టింది.

పుల్లలు లోపలికి తొయ్యి. ఊఁ, అలా.

ఇళ్ళకి వచ్చిన మరుసటి ఏడు, 1923లో, ఉప్పు మీద పన్ను రెండింతలు చేశారు. మణుగుకి, అంటే ఇప్పటి లెక్కలో 37 కిలోలకి, రూపాయి పావలా ఉండేది రెండున్నర రూపాయలైంది. ఢిల్లీ చట్టసభ వద్దంది. అప్పుడు వైస్రాయి రీడింగ్ ప్రభువు. సభ వద్దన్నదాన్ని తన అధికారంతో అమలు చేశాడు. మనకి పక్కనే చినగంజాం ఉప్పు కొఠార్లు. కళ్ళ ముందు తెల్లగా కుప్పలు. చౌడు నేలలో ఎండకి తెల్లగా పేరుకున్న ఉప్పు గీరుకున్నా నేరమే, కాపలావాళ్ళు పట్టుకునేవాళ్ళు. సముద్రం ఒడ్డున ఉండి ఉప్పు లెక్కపెట్టుకుని వేసుకున్నారు మనవాళ్ళు.

నాయనమ్మ ఉప్పు చట్టి మీకు చూపించాను కదా, అటక మీద ఉంది, అంచు పగిలింది. ఆ ఏడు ఆమె దాని మూతికి గుడ్డ కట్టి, గుడ్డకి ముడి వేసిందట. ఆ ముడి తీసేది తనొక్కతే. కూరలో రాళ్ళు ఎంచి వేసేది. ఎండుమెత్తళ్ళు తెచ్చిన రోజు కూరలో ఉప్పే వేసేది కాదు, చేపలోని ఉప్పు చాలు. ఊరగాయ జాడీ అడుగున మిగిలిన ఊట పారబొయ్యకుండా పచ్చిపులుసులో కలిపేది. అన్నిటికన్నా మజ్జిగ. మగ్గం దిగి వచ్చిన మగమనిషికి చెమట పోయి ఉంటుంది, ఆయన మజ్జిగలో ఉప్పు ఉండాలి. పిల్లలకి ఉండాలి. తన తరవాణిలో ఆమె ఉప్పు మానేసింది. ఉప్పు లేని తరవాణి తాగి చూడండి ఒక్క పూట. గొంతు దిగదు.

ఆ మరుసటి ఏడే, 1924లో, పన్ను మళ్ళీ పాతదానికి దించారు. ఉప్పు పన్ను పూర్తిగా పోయింది 1947 ఏప్రిల్లో, స్వాతంత్ర్యానికి నాలుగు నెలల ముందు. పన్ను తగ్గాక కూడా నాయనమ్మ ఆ ముడి కట్టడం మానలేదు. నేను ఎరిగిన కాలంలో, ఉప్పు అంత చవకైన వస్తువు లేని రోజుల్లో కూడా, ఆమె తన తరవాణి చప్పగానే తాగేది. అలవాటైపోయింది అనేది. రెండేళ్ళు ఉండని పన్ను ఆమె నాలుక మీద నలభై ఏళ్ళు ఉండిపోయింది.

ఇక నా సొంత కళ్ళతో చూసింది చెబుతాను.

1962లో చైనా యుద్ధం. ఆ తర్వాత 1963 బడ్జెట్లో మొరార్జీ దేశాయి యుద్ధం ఖర్చులకని చాలావాటి మీద పన్నులు వేశారు, కిరసనాయిలు మీద సుంకం పెంచారు. అంతకుముందు జనవరిలోనే బంగారం మీద కట్టుబాటు వచ్చింది, కొత్త నగ 14 క్యారెట్లకి మించి చెయ్యకూడదని. మన వీధి చివర కంసాలి కుటుంబం కొలిమి ఆర్పేసి కూర్చుంది. వాళ్ళ కష్టం ముందు మాది కష్టమే కాదు. కానీ నేత ఇంట్లో కిరసనాయిలు ధర పెరిగిందంటే మగ్గం మీద రాత్రి పోయినట్టే. పండగలకి ముందు రాత్రి పదకొండు దాకా నేసేవాళ్ళం. దీపం లేకపోతే పోగు కనపడదు.

నాకు పద్దెనిమిదేళ్ళు. మా నాన్న, నేను రెండు మగ్గాల మీద ఉన్నాం. ఇంట్లో ఒక లాంతరు, రెండు బుడ్డి దీపాలు. మా నాన్న ఏం చేశాడంటే, మగ్గం గదికీ వంటగదికీ మధ్య గోడలో రెండు ఇటుకలు ఊడదీశాడు. ఆ కన్నంలో లాంతరు పెడితే ఇటు వెలుగు మగ్గం మీద పడుతుంది, అటు వెలుగు పొయ్యి మీద పడుతుంది. ఒక దీపంతో రెండు గదులు. మేమంతా మెచ్చుకున్నాం. ఆ కన్నం ఇప్పటికీ ఉంది, తర్వాత సిమెంటు పూశాం గానీ చేత్తో తడిమితే గోడ అక్కడ కొంచెం లోపలికి ఉంటుంది. మీ అమ్మ క్యాలెండరు తగిలించింది దాని మీదే.

కొన్ని వారాలకి మా నాన్నకి కళ్ళు లాగడం మొదలైంది. లాంతర్ని కన్నంలో మగ్గం వైపు ఇంకాస్త ముందుకి జరిపాం. వంటగది వైపు వెలుగు తగ్గిపోయింది. మా అమ్మ ఏమీ అనలేదు. చీకట్లోనే కండెలు చుట్టేది. నూలు వేళ్ళ మధ్య పోతుంటే తెగిన చోటు వేలికే తెలుస్తుంది, కన్ను అక్కర్లేదు అనేది. నిజమే అనుకున్నాను.

ఒకరోజు రాత్రి పని అయ్యాక నాకు దాహం వేసి వంటగదిలోకి వెళ్ళాను. లాంతరు చేత్తో పట్టుకుని వెళ్ళాను, ఎప్పుడూ అలా వెళ్ళింది లేదు. మేమందరం అన్నాలు తిని రెండు గంటలైంది. అమ్మ పొయ్యి పక్కన గోడకి ఆనుకుని గిన్నె పెట్టుకుని కూర్చుని ఉంది. వెలుగు పడగానే గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టింది. అంతే, ఆ చెయ్యి పెట్టడం చూశాను. గిన్నెలో గంజి. దాంట్లో మెతుకులు లెక్కపెట్టొచ్చు. ఆ గంజి కూడా పలచగా ఉంది, ఎందుకంటే చిక్కటి గంజి పడుగుకి పట్టించడానికి తీసి పక్కన పెట్టింది. మా ఇంట్లో పడుగుకి గంజి ముందు, మనిషికి తర్వాత.

మా ఇంట్లో ఆ ఏడు ఖర్చు తగ్గించిన పద్ధతులన్నీ మేం గొప్పగా చెప్పుకున్నాం. గోడకి కన్నం పెట్టాం, నాన్న సైకిలు టైరు మార్చకుండా అతుకు వేశాడు, నేను సినిమా మానేశాను. సినిమా మానేసిన సంగతి నేను వీధంతా చెప్పాను. మా అమ్మ రాత్రి అన్నం మానేసిన సంగతి ఇంట్లోవాళ్ళకే తెలీదు. చీకట్లో తింటోంది కాబట్టి తెలీలేదు. ఆ దీపం ఆమె వైపునుంచి జరిపింది మేమే.

ఆ రాత్రి నేనేం చేశానని అడుగుతారేమో. నీళ్ళు తాగి వచ్చేశాను. ఏమీ అనలేదు. పద్దెనిమిదేళ్ళ వాడికి ఆ మాత్రం నోరు లేదా అంటే, లేదు. అప్పటి ఇళ్ళల్లో అమ్మ ఆఖర్న తినడం అనేది సూర్యుడు తూర్పున పొడవడం లాంటిది, దాన్ని గురించి ఎవరూ అడగరు. మర్నాడు నాయనమ్మ దగ్గర కూర్చున్నప్పుడు మాత్రం ఆ పాత మాట గుర్తొచ్చింది, ఇంటికొచ్చాక ఆకలి తెలిసింది అని. రామ్‌నగర్‌లో ఆకలి పది గుడిసెలది. రోలు దగ్గర కనపడేది, పదిమందీ పంచుకునేవాళ్ళు. ఇటుక గోడల ఇంట్లోకి వచ్చి తలుపు వేసుకున్నాక ఆ ఆకలంతా ఒక్క మనిషి మీద పడింది. ఉప్పు పన్ను ఏడు నాయనమ్మ మీద. కిరసనాయిలు ఏడు ఆమె కోడలి మీద.

నాయనమ్మకి చెప్పాను, అమ్మ రాత్రి అన్నం తినట్లేదని. ఆమె ఆశ్చర్యపోలేదు. లేచి, కర్ర పట్టుకుని, మగ్గం గదిలోకి వెళ్ళింది. నేత నేస్తున్న మా నాన్న భుజం మీద చెయ్యి వేసి, ‘ఈ పూటనుంచి అందరం ఒకేసారి తిందాం, లాంతరు నడుమ పెట్టుకుని’ అంది. కారణం చెప్పలేదు. మా నాన్న అడగలేదు. ఆ సాయంత్రం లాంతరు కన్నంలోంచి తీసి వంటగది నేల మీద పెట్టారు. నాలుగు కంచాలు, ఒక గిన్నె. అన్నం అందరికీ కొంచెం కొంచెం తగ్గింది. మా నాన్న తన కంచంలోంచి తీసి అమ్మ కంచంలో పెట్టాడు, ఆమె వద్దంటున్నా. ఆయన అలా పెట్టడం నేను అదే మొదటిసారి చూశాను.

పన్ను కట్టొద్దని మీకు నేను చెప్పట్లేదు. రామ్‌నగర్ వెళ్ళినవాళ్ళ మనవణ్ణే, అయినా చెప్పను. ఆ రోజుల్లో మనల్ని అడగకుండా పైనుంచి వేసిన పన్ను అది, ఓటుతో దించగలిగే ప్రభువులు కాదు వాళ్ళు. ఇప్పుడు మన ఓటుతో వచ్చినవాళ్ళే వేస్తున్నారు. ఎక్కువనిపిస్తే అర్జీ పెట్టండి, లెక్క తప్పుంటే చూపించండి, ఎన్నికలొచ్చినప్పుడు అడగండి. మన వీధి దీపం, మన కాలువ, పెద్దాసుపత్రి ఆ డబ్బుతోనే నడుస్తాయి. నా కంటి ఆపరేషన్ సర్కారు ఆసుపత్రిలోనే కదా అయింది. కట్టాల్సింది కడదాం. కట్టడానికి ఇంట్లో ఏది తగ్గిస్తున్నామన్న దగ్గరే నాకు పేచీ.

ఏదీ, అయిపోయిందా నీ జాబితా? చదువు.

పాలు రోజుకి అర లీటరు తగ్గించడం. పనమ్మాయిని మాన్పించడం. అమ్మ కళ్ళజోడు వచ్చే ఏడాదికి వాయిదా. అమ్మ మోకాలి నొప్పికి వెళ్ళే వ్యాయామం మానడం. నాన్న బండి బదులు బస్సు. చిన్నోడి ఫోను ప్లాను తగ్గించడం. తాత పేపరు మాన్పించడం. ఏడు.

బాగానే రాశావు. ఇప్పుడు ప్రతిదాని పక్కన ఇంకో మాట రాయి. ఏది తగ్గుతుందో రాశావు కదా, ఎవరికి తగ్గుతుందో కూడా రాయి. పాలు తగ్గితే ఎవరి కాఫీ పోతుంది? పిల్లల గ్లాసు తగ్గదు, మీ నాన్న కప్పు తగ్గదు, నా మజ్జిగ తగ్గదు. అమ్మ అని రాయి. పనమ్మాయి మానితే గిన్నెలు ఎవరు తోముతారు? ఆ పిల్లకి ఒక ఇల్లు తగ్గుతుంది, అది కూడా రాయి, కింద అమ్మ అని రాయి. కళ్ళజోడు, అమ్మ. మోకాలు, అమ్మ. ఏడింట్లో నాలుగు.

ఆ నాలుగూ కొట్టెయ్యి. మొదటినుంచి మళ్ళీ రాద్దాం, ముందు నా పేపరు రాసుకో. లోపలికెళ్ళి మీ అమ్మని పిలుచుకురా, ఆమె కూడా ఇక్కడ కూర్చున్నాకే మొదలుపెడదాం. మంట ఇంకా చాలాసేపు ఉంటుంది.